పదకొండు పక్కన మూలం

ఆ వేసవిలో కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది. పొద్దున్న ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా. ఆ ముప్పావుగంటా మా ఇంట్లో మాటలుండేవి కావు. వదిన బిందెలు పట్టేది, నేను బకెట్లు మోసేదాన్ని, అన్నయ్య వరండాలో చేతులు వెనక్కి కట్టుకుని ధార వంక చూసి, "ప్రెషర్ లేదు" అనేవాడు. నీటి సరఫరా శాఖలో ముప్పై నాలుగేళ్ళు చేసి ఇంజనీరుగా దిగిపోయిన మనిషి. తను ఆ మాట అంటే, ప్రెషర్ తన అనుమతి తీసుకునే తగ్గినట్టు ఉండేది మాకు.

నేను పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య ఇంట్లోనే ఉంటాను. ఆ వేసవి మొదట్లోనే రిటైరయ్యాను. కోర్టులో నకళ్ళ సెక్షన్ నాది. ఎవరికైనా పాత తీర్పో, నివేదికో కావలసి వస్తే దరఖాస్తు పెట్టుకుంటారు. అసలు కాగితం నా ఎడమ పక్కన పెడతారు, నేను కొడతాను. పక్కనాయన పైకి చదువుతుంటే నేను సరిచూసుకుంటాను. చివర "అసలుకు సరియైన నకలు" అని ముద్ర, దాని కింద నా పొట్టి సంతకం. అసలులో కామా లేకపోతే నకలులోనూ ఉండకూడదు. కూడిక తప్పయితే ఆ తప్పు కూడా దిగాలి. సరిదిద్దావా, సంజాయిషీ రాసుకోవాలి. ముప్పై ఏడేళ్ళలో నా నకలు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఆ ఒక్క విషయంలో నాకు గర్వం ఉండేది. ఇంకే విషయంలోనూ గర్వపడే అవకాశం రాలేదు.

రిటైరయ్యాక ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను. మా వీధి చివర గ్రంథాలయంలో లైబ్రేరియనమ్మ మూడు ఆదివారాలు మాలాంటి వాళ్ళని కూచోబెట్టి, ఇంటర్నెట్‌లో ఉన్న విజ్ఞాన సర్వస్వంలో ఎలా రాయాలో చెప్పింది. "ఇందులో ఎవరైనా రాయొచ్చు" అంది. నేను నమ్మలేదు. ఎవరైనా చేయగలిగిన పని ఏదీ అప్పటిదాకా నాకు తగల్లేదు.

మా ఊరి నీటి సరఫరా గురించి ఏముందో వెతికాను. రెండు వాక్యాలు. అందులో ఒకటి తప్పు. పెద్ద ట్యాంకు కట్టిన సంవత్సరం ఆరేళ్ళు ముందుకు జరిగిపోయింది. మా ఇంట్లో అల్మారా నిండా దాని చరిత్రే. శాఖకు యాభై ఏళ్ళు నిండినప్పుడు స్వర్ణోత్సవ సంచిక వేశారు, అందులో మొదటి వ్యాసం అన్నయ్యది, నలభై పేజీలు. ఇంతకంటే సులువేముంది అనుకున్నాను. నాలుగు రోజులు కూచుని అందులోంచి పన్నెండు పేజీలు కొట్టాను. అచ్చు తప్పు ఒక్కటి లేదు. అడుగున సంచిక పేరు, సంవత్సరం, పేజీ నంబర్లు. నా పేరు బదులు "సరిచూసినది" అని పెట్టుకున్నాను.

మర్నాడు చూస్తే మళ్ళీ ఆ రెండు వాక్యాలే ఉన్నాయి. అక్కడ రాసే ప్రతివాళ్ళకూ ఒక చర్చా పేజీ ఉంటుంది, నా దాంట్లో ఒక ఉత్తరం.

"సరిచూసినది గారూ, స్వాగతం. మీరు చేర్చిన పాఠ్యం ఒక ప్రచురిత గ్రంథంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోలుతోంది. కాపీహక్కుల ఉల్లంఘన అవుతుంది కనుక తొలగించాను. నిరుత్సాహపడకండి. — గుడ్లగూబ."

అక్షరం పొల్లుపోకుండా! ముప్పై ఏడేళ్ళలో ఆ మాట నాతో ఏ పైఅధికారీ అనలేదు. తీరా అన్నవాడు నేరం కింద అన్నాడు, అదీ పక్షి పేరు పెట్టుకుని.

నాకు ఒళ్ళు మండింది. "నేను మూలం ఇచ్చాను, పేజీ నంబరుతో సహా. దొంగతనం చేసేవాళ్ళు ఎక్కడైనా చిరునామా రాసిపెట్టి పోతారా?" అని రాశాను.

గంటలో జవాబు వచ్చింది. "మీ నిజాయితీని శంకించడం లేదండి. ఎక్కణ్ణించి తెచ్చారో చెప్పడం వేరు, తెచ్చుకునే హక్కు ఉండడం వేరు. విషయం మీద ఎవరికీ హక్కు ఉండదు. వాక్యం మీద ఉంటుంది. విషయం తీసుకోండి, వాక్యం మీది రాయండి. రాసి, ఆ విషయం ఎక్కడ దొరికిందో పక్కన పెట్టండి."

వాక్యం మీది రాయండి. చదవడానికి ఎంత తేలిక! ఆ పూట కూచున్నాను. ట్యాంకు కట్టడం గురించి ఒక్క వాక్యం, నాది. సంచికలో ఉన్నది "మహోన్నత జలాశయము నిర్మించబడినది" అని. నేను "ఎత్తయిన ట్యాంకు కట్టబడింది" అన్నాను. తర్వాతది "పురజనుల దాహార్తి తీర్చబడినది". నేను "ఊరివాళ్ళ దాహం తీర్చబడింది". ఇలా పన్నెండు పేజీలూ పదం మార్చి పదం దింపాను. గుడ్లగూబ అదీ తీసేసింది. "చొక్కా మార్చారు, లోపల మనిషి అదేనండి. వాక్యాల వరస అదే, నడక అదే" అని రాసింది.

ఆడో మగో తెలియని ఆ పక్షి నా గురించి ఏదో కనిపెట్టేసిందని భయం వేసింది. నకలు తీయడం అంటే చదవడం కాదు. అక్షరాలు కంట్లోంచి వేళ్ళలోకి దిగిపోతాయి. మధ్యలో మనిషి అడ్డురాకూడదు, వస్తే తప్పులు పడతాయి. అలా అడ్డు రాకుండా ఉండడం ఆఫీసులో నేర్చుకున్నానో, ఇంట్లో నేర్చుకుని ఆఫీసుకు పట్టుకెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు ఒక సంబంధం వచ్చింది. అతను నాకు నచ్చాడు. అన్నయ్య, "మన స్థితిగతులకు అది పొసగదు" అన్నాడు. అతను ఆఫీసు మెట్ల మీద కనబడి అడిగితే నేనేమన్నాను? "మన స్థితిగతులకు అది పొసగదండి." అక్షరం పొల్లుపోలేదు.

*

గుడ్లగూబ ఇంకో దారి కూడా చెప్పింది. రాసినవారు అనుమతి ఇస్తే ఆ పాఠ్యం అలాగే ఉంచవచ్చట. భోజనాల దగ్గర అన్నయ్యకు చెప్పాను.

"ముందే అడగాల్సింది" అన్నాడు. సంబరం దాచుకోలేకపోతున్నాడు. "ప్రపంచమంతా చూస్తారంటావా?"

"చూడాలనుకున్నవాళ్ళు చూస్తారు."

"అంటే మీ చెల్లెలూ, నేనూ" అంది వదిన, నాకు వడ్డిస్తూ.

అన్నయ్య ఆ పూటే కాగితం మీద రాసిచ్చాడు. నా వ్యాసమును లోకహితార్థము వాడుకొనుటకు అనుమతించుచున్నాను, అయితే ఇందలి ఒక్క అక్షరమును కూడా ఎవరును మార్చరాదు. కింద సంతకం, పాత హోదాతో సహా. దాన్ని ఫొటో తీసి పంపాను.

గుడ్లగూబ రెండు ప్రశ్నలు వేసింది. సంచిక వేసింది శాఖ కదా, హక్కు శాఖదా, మీ అన్నగారిదా? రెండోది, ఇక్కడ పెట్టినదాన్ని ఎవరైనా మార్చుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, ఇంకోచోట వాడుకోవచ్చు. "మార్చరాదు" అనే షరతుతో తీసుకోలేమండి.

అది చదివి వినిపించాను. అన్నయ్య ముఖం ఎర్రబడింది.

"ఎవడైనానా? ఎవడో దారినపోయేవాడు వచ్చి నా వాక్యంలో వేలు పెడతాడా?"

"పెట్టొచ్చట."

"ఎవడీ గుడ్లగూబ? నేనెవరో తెలుసా వాడికి?"

"తెలియదు కాబట్టే అడిగాడు" అంది వదిన. "తెలిస్తే మాలాగే నోరు మూసుకునేవాడు."

అన్నయ్య ఆ కాగితం నాలుగు ముక్కలు చేశాడు. "ఆ పని మానుకో. నీకెందుకిది" అన్నాడు నాతో. నేను సరేనన్నట్టు తలూపాను. ఊపానే గానీ, నా గదిలోకి వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచాను. తలూపిన మనిషీ, తెరిచిన మనిషీ ఒకరేనా అని ఆశ్చర్యంగా కూడా అనిపించింది. అప్పటిదాకా నా తల, నా చేతులు ఎప్పుడూ వేరుపడలేదు.

గుడ్లగూబనే అడిగాను, సొంత వాక్యం ఎలా వస్తుందని. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మూలం చదవండి. మూసేయండి. లేచి టీ తాగి రండి. అప్పుడు గుర్తున్నది రాయండి. అంకెలు మాత్రం మళ్ళీ తెరిచి సరిచూసుకోండి" అంది. టీలు తాగాను. లాభం లేకపోయింది. పుస్తకం మూసినా పేజీ నాకు కనబడుతూనే ఉంటుంది, ఎన్నో లైను ఎక్కడ విరిగిందో కూడా.

దారి చూపించింది వదిన. వంటింట్లో నాతోపాటు కూచుని కూరగాయలు తరుగుతోంది. "పొద్దుగూకులూ ఏం రాస్తున్నావు, నాకూ చెప్పరాదా?" అంది. "శుద్ధి కేంద్రమునందు త్రివిధ ప్రక్రియలచే జలము నిర్మలీకరించబడి..." అని మొదలుపెట్టాను.

"అంటే?"

"అంటే... నదిలోంచి తోడిన నీళ్ళను మూడుసార్లు శుభ్రం చేస్తారు."

"ఎలా?"

"ముందు తొట్టిలో ఊరికే నిలబెడతారు. మట్టి అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు ఇసకలోంచి వడగడతారు. చివర మందు కలుపుతారు, క్లోరిన్. అది కలపకపోతే నీళ్ళు చూడడానికి తేటగానే ఉంటాయి, తాగితే జబ్బు చేస్తుంది."

"ఇదే రాసుకో మరి. ఇదైతే నాకు తెలిసింది."

చెయ్యి తుడుచుకోకుండా గదిలోకి పరుగెత్తాను. వదినకు చెప్పినట్టు రాసి, పక్కన మూలం పెట్టాను. మర్నాడు అది అలాగే ఉంది. ఆ మర్నాడు కూడా. నాలుగు వాక్యాలు, నాకు అరవై ఏళ్ళు వచ్చాక. వాటిని రోజుకు పదిసార్లు తెరిచి చూసుకునేదాన్ని.

*

గుడ్లగూబ ఆ పేజీ పైన ఒక పట్టీ వేసింది. వ్యాసం మొత్తం ఒకే మూలం మీద, అదీ శాఖ స్వయంగా వేసుకున్న సంచిక మీద ఆధారపడి ఉందని, బయటి మూలాలు కావాలని. న్యాయమే అనిపించింది. ఎవరి గురించి వాళ్ళే చెప్పుకున్నదాన్ని కోర్టులోనూ ఊరికే నమ్మరు.

లైబ్రేరియనమ్మను అడిగితే వెనక గదిలోంచి పాత దినపత్రికల బైండ్లు తెచ్చి బల్ల మీద పడేసింది. "జాగ్రత్త, అంచులు పొడి రాలతాయి" అంది. ఫ్యాను ఆపేయాల్సి వచ్చింది. చెమట కాగితం మీద పడకుండా చీర కొంగు మెడ చుట్టూ తిప్పుకుని చదివేదాన్ని. చదివేదాన్ని అనే అంటున్నాను.

ముప్పై తొమ్మిదేళ్ళ కిందటి వేసవి. మూడో పేజీలో చిన్న వార్త, కింది పేటలో వాంతులు, విరేచనాలతో ఇద్దరు పోయారని. నాలుగో రోజు మొదటి పేజీకి వచ్చింది, ఏడుగురు. తొమ్మిదో రోజు పదకొండు మంది, పేర్లు, వయసులతో. చిన్నవాడికి రెండేళ్ళు, పెద్దావిడకు డెబ్బై. కొళాయి నీళ్ళే కారణమని ఆస్పత్రి పెద్ద డాక్టరు చెప్పిన మాట. పదో రోజు నుంచి ఆ వార్త లేదు. ఎండల గురించి రాశారు.

సంచికలో ఆ వేసవికి ఒక్క వాక్యం ఉంది. "నగరమున కొందరికి స్వల్ప అస్వస్థత కలిగినను, శాఖ సకాలమున చర్యలు గైకొనుటచే పరిస్థితి చక్కబడినది." ఆ నెలలో ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు కొట్టాను. ఒకసారి ఉన్నదున్నట్టు, ఒకసారి చొక్కా మార్చి. రెండుసార్లూ ఎక్కడా ఆగలేదు.

బల్ల దగ్గర కూచునే ఉన్నాను. అప్పుడు ఇంకొకటి పైకొచ్చింది. గుర్తుకు రావడం అంటే లోపల ఎక్కడో ఉన్నదాన్ని వెతికి తీయడం అనుకుంటాం. నాకది అలా రాలేదు. నా వేళ్ళు కదిలాయి, బల్ల మీద, టైపు కొడుతున్నట్టు. "సహాయ ఇంజనీరు గారు మూడు దినముల క్లోరిన్ పట్టికను ఒకే పర్యాయము, ఒకే సిరాతో నింపినట్లు అగుపడుచున్నది." ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఎవరో వకీలు ఆ చావుల మీద జరిగిన విచారణ నివేదికకు నకలు కావాలని దరఖాస్తు పెట్టుకున్నారు. అది కొట్టింది నేనే. సరిచూసి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి అన్నయ్య పక్కన కూచుని భోంచేశాను. ఆ సహాయ ఇంజనీరు ఎవరో అప్పుడు నాకు తెలియదని మీరనుకోవచ్చు. తెలుసు. తెలిసిన మనిషి మధ్యలో అడ్డు రాలేదు, అంతే.

గుడ్లగూబను అడిగాను, అచ్చుకాని విచారణ నివేదిక ఒకటి నేను చూశాను, దాన్ని మూలంగా పెట్టవచ్చా అని.

"ప్రచురితం కాకపోతే కుదరదండి. మీకు తెలిసింది నిజమే కావచ్చు. కానీ చదివేవాళ్ళు మిమ్మల్ని నమ్మక్కర్లేకుండా వెళ్ళి చూసుకోగలగాలి."

నాకు పెద్ద ఊపిరి వచ్చింది. ఆ ఊపిరి ఎందుకొచ్చిందో అర్థమయ్యాక సిగ్గేసింది. నియమం నన్ను కాపాడిందని సంతోషించాను. అన్నయ్యను కాపాడిందని కాదు. అయితే ఆ నియమానికి రెండో వైపు కూడా ఉంది. అచ్చయినదాన్ని దాచమని కూడా అది చెప్పదు.

ఇంటికి వెళ్ళి, వంటింట్లో వదిన ముందు కూచుని చెప్పాను, నోటితో. ఎవరు, ఎప్పుడు, ఎంతమంది. వదిన ఈసారి "అంటే?" అనలేదు. కత్తిపీట పక్కకు పెట్టేసింది. చెప్పినట్టే రాశాను. "ఆ వేసవిలో కొళాయి నీళ్ళు కలుషితమై పదకొండు మంది చనిపోయారు." పక్కన మూలం, పత్రిక పేరు, తేదీ, పేజీ. దాని కింద ఇంకో వాక్యం, శాఖ సంచిక మాత్రం దీన్ని "స్వల్ప అస్వస్థత" అని పేర్కొంది. ఆ రెండు మాటలూ కొటేషన్లో పెట్టాను. అంతవరకు తీసుకోవచ్చు, తీసుకున్నట్టు కనబడాలి, అంతే.

*

అన్నయ్య మూడు రోజుల తర్వాత చూశాడు. నేను రాయడం మానేశానో లేదో చూద్దామని తెరిచాడో, తన ట్యాంకు చూసుకుందామని తెరిచాడో తెలియదు. నా గది గుమ్మంలో నిలబడి, "అది తీసెయ్" అన్నాడు.

"ఏది?"

"ఏదో నీకు తెలుసు."

"తప్పుంటే చెప్పు, మూలం చూపించు. మారుస్తాను."

"మూలమా? నేను! నా సంచికలో అలా లేదు."

"నీ సంచికలో ఏముందో కూడా రాశాను, దాని కిందే."

అన్నయ్య కాసేపు నన్ను కొత్తగా చూశాడు. ఆ సాయంత్రమే తనూ ఒక ఖాతా తెరిచాడు, "ఇంజనీరు" అనే పేరుతో. పదకొండు మందిని తీసేసి, ఆ చోట స్వల్ప అస్వస్థత పెట్టాడు. పావుగంటలో గుడ్లగూబ వాళ్ళను మళ్ళీ తెచ్చింది. అన్నయ్య తీశాడు. మళ్ళీ వచ్చారు. హాల్లోంచి కీబోర్డు మీద రెండు వేళ్ళతో కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మూడోసారికి చర్చా పేజీలో గుడ్లగూబ రాసింది. "ఇంజనీరు గారూ, మూలం ఉన్న వాక్యాన్ని కారణం చెప్పకుండా తీయకండి. మీకు గానీ, సరిచూసినది గారికి గానీ ఈ శాఖతో సంబంధం ఉంటే దయచేసి వెల్లడించండి."

నేను ముందు రాశాను. "ఈ శాఖలో పనిచేసిన ఒక ఇంజనీరు మా అన్నయ్య. నేను ఆయన ఇంట్లో ఉంటాను. కాబట్టి ఇందులో నేను రాసిన ప్రతి వాక్యాన్నీ అనుమానించండి. ప్రతి మూలాన్నీ వెళ్ళి చూడండి." రాసి, సంతకం చేశాను. అది నా పొట్టి సంతకం కాదు. పూర్తి పేరు.

ఆ పూట భోజనాల దగ్గర అన్నయ్య కంచం ముట్టలేదు.

"ఈ ఇంట్లో ఉండి నా మీద రాస్తావా?"

"నీ మీద ఒక్క మాట లేదు. చూసుకో."

"ఇవాళ లేదు. రేపు రాయవని ఏమిటి?"

"రాయను. అచ్చులో లేదు కనక."

"ఏం లేదు అచ్చులో?"

"విచారణ నివేదిక."

అన్నయ్య చెయ్యి నీళ్ళ గ్లాసు మీదకు వెళ్ళి అక్కడే ఆగింది. "అది నీకెలా..."

"నకలు నేనే కొట్టాను."

అన్నయ్య వదిన వైపు చూశాడు. ఎప్పుడూ చూసేవాడే, ఇంట్లో తన మాట తేలిపోతుంటే అటు చూస్తాడు. వదిన కూర గిన్నె మీద మూత పెట్టి, నెమ్మదిగా, చాలా మామూలుగా అంది.

"ఆ వారం నీళ్ళు కాచమన్నారు మీరు. నేను కొత్తగా కాపురానికొచ్చాను. ఎందుకండీ అంటే, కాచమంటే కాచు అన్నారు. పొయ్యి ఆర్పకుండా బిందెలకు బిందెలు కాచాను."

ఆ వారం నేనూ ఆ కాచిన నీళ్ళే తాగాను. అన్నయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు, ఏమీ తినకపోయినా.

*

తర్వాత పన్నెండు రోజులు మాకు మాటల్లేవు. కొళాయి వచ్చిన రోజు అన్నయ్య వరండాలోకి రావడం మానేశాడు. ప్రెషర్ ఉందో లేదో మాకు మేమే చూసుకున్నాం. నేను లైబ్రేరియనమ్మ ఇంటి మేడ మీద ఖాళీగా ఉన్న గది చూసి వచ్చాను. ఒక కిటికీ, ఒక గూడు, వంట గట్టు. చాలు. భయం లేదని కాదు. ఆ వయసులో ఒంటరిగా గది తీసుకోవడం అంటే, జ్వరం వస్తే తలుపు ఎవరు తీస్తారు అన్న ఆలోచనతో సహా తీసుకోవడం. కానీ ఆ భయం కూడా నాదే, ఎవరిదో దింపుకున్నది కాదు.

పదమూడో రోజు హాల్లో అన్నయ్య ఎదుట నిలబడ్డాను.

"ఆ వాక్యం తీయను. ఇంట్లో ఉండొద్దంటే చెప్పు, వెళ్తాను. గది చూసుకున్నాను."

అన్నయ్య పేపరు దించలేదు. గుమ్మంలోంచి వదిన గొంతు వినిపించింది.

"ఆ గదిలో రెండు మంచాలు పడతాయా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. పేపరు వెనకనుంచి "ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అని వినిపించింది. అది అనుమతో, బతిమాలడమో చెప్పడం కష్టం. అనుమతి అయితే నాకు అక్కర్లేదు. ఆ మాటే అన్నాను. "నేను అడిగింది అనుమతి కాదు అన్నయ్యా. నీకు చెబుతున్నాను, అంతే."

మొదటి వాన పడ్డ మధ్యాహ్నం, వదినా నేనూ వరండాలో కూచుని ఉన్నాం. చూరు నుంచి నీళ్ళు ధార కడుతున్నాయి. బకెట్లు పెట్టాలని కూడా అనిపించలేదు, ఊరికే చూస్తున్నాం. అన్నయ్య వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. ఆ నెలన్నరలో బాగా తగ్గిపోయాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది.

"పదకొండు కాదు" అన్నాడు.

నేను తల తిప్పాను. మళ్ళీ మొదలనుకున్నాను.

"పన్నెండు" అన్నాడు. "కింది పేటలో వాల్వు తిప్పే అతను ఉండేవాడు. అతని కూతురు. నలభై రోజులు ఆస్పత్రిలో ఉండి పోయింది. అప్పటికి పేపర్లో రాయడం మానేశారు. ఎవరూ లెక్కలో వేయలేదు." వానకేసి చూస్తూ ఇంకా అన్నాడు, "తొమ్మిదేళ్ళ పిల్ల."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై తొమ్మిదేళ్ళు ఒక అంకెను నోట్లో పెట్టుకుని, దాని చుట్టూ అన్నం తిని, దాని చుట్టూ నలభై పేజీలు రాసి, దాని చుట్టూ మా అందరికీ ఆజ్ఞలు ఇచ్చిన మనిషి. జాలి వేసింది. నిజంగా వేసింది. జాలి వేసినప్పుడల్లా లొంగిపోవడం నాకు అలవాటు. అది కూడా లోపల్నుంచి లేచి రావడం గమనించాను.

"నువ్వు మార్చు దాన్ని" అన్నాడు. "పన్నెండు అని పెట్టు."

"ఎక్కడైనా అచ్చయిందా?"

"అవలేదని చెప్పాను కదా."

"అయితే పెట్టలేను."

"నేను చెబుతున్నాను. నేనక్కడ ఉన్నాను. ఆ పిల్లను నా కళ్ళతో చూశాను. అది చాలదా?"

ఆ ఇంట్లో అరవై ఏళ్ళు ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉండేది. అడగాల్సిన పని కూడా పడేది కాదు.

"చాలదు" అన్నాను. "నువ్వు రాయి. నీ పేరుతో, నువ్వు చూసింది, నువ్వు చేసింది. పత్రికకు పంపు. వాళ్ళు అచ్చువేస్తే, దాన్ని తీసుకెళ్ళి పక్కన పెడతాను. నీ వాక్యం తీసుకోను. అంకె తీసుకుంటాను."

అన్నయ్య తిడతాడనుకున్నాను. తిట్టలేదు. లోపలికి వెళ్తూ గుమ్మంలో ఆగి, ఎవర్నీ చూడకుండా అడిగాడు.

"తెల్లకాగితాలు ఎక్కడున్నాయి?"

నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో అన్నయ్య అడిగిన ప్రతి వస్తువూ, అడిగిన మాట పూర్తవకముందే ఎవరో ఒకరి చేతిలో ప్రత్యక్షమయ్యేది. వదిన కదల్లేదు.

"ఎక్కడో అక్కడ ఉంటాయి" అంది, వాన చూస్తూనే. "వెతుక్కోండి."

లోపల ఒక సొరుగు తెరుచుకున్న చప్పుడు. మూసిన చప్పుడు. ఇంకొకటి. కాగితాలు ఏ అరలో ఉన్నాయో నాకు తెలుసు. నేను లేవలేదు.